సువార్త సభలో పాట పాడాలంటే: ఆఖరి వరుస నుంచి మొదలుపెట్టండి

సంఘంలో ఆదివారం ఆరాధనలో బాగా పాడతారని మీకు పేరొచ్చింది. పరకాల వైపు నుంచో నర్సంపేట వైపు నుంచో ఒక పాస్టర్ అయ్యగారు ఫోన్ చేసి, "మా ఊళ్లో మూడు రాత్రులు సభలు పెట్టుకున్నాం, ఒక రాత్రి మీరొచ్చి పాడాలి" అన్నారు. సంతోషంగా ఒప్పుకున్నారు. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. ఇది మీకోసమే రాస్తున్నాను.

చర్చిలో పాడటం వేరు, బయలులో పాడటం వేరు. చర్చిలో గోడలు మీ గొంతును మీకు తిరిగి వినిపిస్తాయి. ఎదురుగా ఉన్నవాళ్లంతా తెలిసినవాళ్లే, పాటలన్నీ వాళ్లకు కంఠతా వచ్చినవే. మన ఓరుగల్లు చుట్టుపక్కల సభలేమో కోతలైపోయిన పొలంలోనో, బడి గ్రౌండ్‌లోనో, వాడకట్టు నడుమ షామియానా కిందో జరుగుతాయి. కుర్చీల్లోకి వచ్చేది కొందరే. చాయ్ బండి దగ్గర నిలబడి, బైకు మీదే కూర్చుని, ఇంటి గడప దాటకుండా వినేవాళ్లు అంతకన్నా ఎక్కువ. వాళ్లలో చాలామంది చర్చికి రానివాళ్లు. ప్రసంగం మొదలవ్వగానే కొందరు వెళ్లిపోతారు గానీ పాట మాత్రం వింటారు. నా మటుకు నాకు, సభలో పాట ముందుగా వాళ్ల కోసమే. అందుకే ఏ పాట, ఏ శ్రుతి, మైకు ఎలా, ఎంత వేగం అన్నవన్నీ ఆఖరి వరుసలో కూర్చున్న మనిషిని తలుచుకుని తేల్చుకోవాలి. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క లెక్క మీద నడుస్తాయి.

ఫోన్‌లోనే అడిగేయండి

ఎన్ని పాటలు? వాక్యానికి (అంటే ప్రసంగానికి) ముందా, తర్వాత ప్రార్థన సమయంలోనా? కీబోర్డు, తబలా వాయించేవాళ్లు ఉన్నారా, లేక రికార్డు చేసిన ట్రాక్ మీద పాడాలా? మైక్ సెట్ ఎవరిది, ఆ తమ్ముడి నంబరు ఇస్తారా? ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి. వాక్యానికి ముందు పాట జనాన్ని పిలవాలి. ప్రార్థన వేళ పాట జనాన్ని కూర్చోబెట్టాలి. ఒకదాని చోట ఇంకోటి పాడితే ఎంత బాగా పాడినా అతకదు.

పోలీసు పర్మిషన్ ఎన్ని గంటల వరకు ఉందో కూడా కనుక్కోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉండొచ్చు. సభ ఆలస్యంగా మొదలైతే కోత పడేది పాటలకే. "అమ్మా, ఒక్కటే పాడండి, టైం లేదు" అని స్టేజీ మెట్ల దగ్గర చెబుతారు. మూడు పాటలు సిద్ధం చేసుకుంటే, వాటిలో ఏది ఒక్కటే పాడాలో, ఏ చరణం వదిలేయాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి. అక్కడ ఆలోచించే వీలుండదు.

పాట ఎంపిక, శ్రుతి

మూడింటిలో ఒకటి పాత కీర్తన పెట్టుకోండి. పాత కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. దాన్ని చూసి ఆ తాళంలోనే పాడండి. యాభై దాటినవాళ్లకు ఆ నడక ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. మీరు కొత్త బీట్ పెట్టి మెలికలు తిప్పితే వాళ్లు నోరు మూసుకుని కూర్చుంటారు. ఈ కీర్తనలకు మన ప్రాంతంలో పెద్ద చరిత్రే ఉంది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారు డోర్నకల్ కేంద్రంగా పనిచేశారు. మన రాగాలు, మన వాయిద్యాలు ఆరాధనలో ఉండాలని గట్టిగా నమ్మిన మనిషి. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి కథీడ్రల్ కట్టడంలోనూ గుడి, మసీదు పోకడలు కనిపిస్తాయి. వీలుంటే ఒకసారి వెళ్లి చూడండి. చదువు రాని పల్లె జనానికి వాక్యం పాటగానే చేరింది. మనం చేస్తున్నది ఆ పనే.

ఇక శ్రుతి. చాలామంది పాటగాళ్లు ఇక్కడ తమ గొంతు ఒక్కటే చూసుకుంటారు. నాలాంటి ఆడగొంతుకు ఐదు శ్రుతి (కీబోర్డు మీద జి) హాయిగా ఉంటుంది. అదే శ్రుతిలో జనంతో పాడించబోతే మగవాళ్లకు పైన అందదు, కింద దిగదు. కాబట్టి ఇలా చేయండి: పల్లవిలో అన్నిటికన్నా పై స్వరం ఏదో పట్టుకోండి. అది కీబోర్డు మీద డి దగ్గర, మహా అయితే ఈ దగ్గర ఆగేలా శ్రుతి మార్చండి. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు ఎవరి స్థాయిలో వాళ్లు అందుకుంటారు. చరణం మీ ఒక్కరిదే కాబట్టి అక్కడ కాస్త పైకి వెళ్లినా ఫర్వాలేదు. ఒంటరిగా పాడే ప్రత్యేక గీతమైతే మీ శ్రుతిలోనే పాడుకోండి.

సాహిత్యం కంఠతా రావాలి. ఫోన్‌లో చూసి పాడితే కళ్లు కిందికి, గొంతు కిందికి పోతాయి. ఇది ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

గొంతు

సభలు ఎక్కువగా చలికాలంలోనే. డిసెంబర్ అంతా సెమీ క్రిస్మస్‌లు, కేరల్ రౌండ్లు, ఆపైన 31 రాత్రి ఆరాధన. హన్మకొండ నుంచి ములుగు వైపు బైకు మీద వెళ్తే ఆ చలిగాలికే గొంతు సగం పట్టేస్తుంది. నోరు, ముక్కు కప్పేలా స్కార్ఫ్ కట్టుకోండి. దారిలో కబుర్లు తగ్గించండి, ఇంజిన్ చప్పుడు మీద అరిచి మాట్లాడటం పాడటం కన్నా ఎక్కువ అలుపు. రోజంతా కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ ఉండండి. స్టేజీ ఎక్కే ముందు గటగటా తాగిన నీళ్లు అప్పటికప్పుడు గొంతుకు పనికిరావు.

వెళ్లగానే పాస్టర్ అమ్మగారు ప్రేమగా భోజనం వడ్డిస్తారు. బిర్యానీ కడుపు నిండా తిని పాడితే ఊపిరి కిందికి దిగదు, కారం పైకి తన్నుతుంది. "పాట అయ్యాక కూర్చుని తృప్తిగా తింటానమ్మా, తీసిపెట్టండి" అని చెప్పండి, ఏమీ అనుకోరు. ఉపవాసం ఉన్నవాళ్లు గోరువెచ్చని నీళ్లు మాత్రం మానకండి.

పాడే ముందు పది నిమిషాలు నోరు మూసి సన్నగా హమ్మింగ్ చేయండి, పెదాలు అదురుతూ 'బుర్ర్' మనేలా కింది నుంచి పైకి, పైనుంచి కిందికి స్వరం జార్చండి. గొంతు బొంగురుపోయి ఉంటే గుసగుసగా మాట్లాడకండి. దానివల్ల గొంతుకు విశ్రాంతి దొరకదు. పూర్తిగా మౌనంగా ఉండటమే మేలు. మెంథాల్ బిళ్లలు నొప్పి తెలియకుండా చేస్తాయి, ఆ ధైర్యంతో గట్టిగా పాడి ఇంకా పాడుచేసుకుంటాం. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాల్సిందే.

మైకు దగ్గర గంటసేపు

పొద్దు గూకక ముందే చేరుకోండి. ముందుగా మైక్ సెట్ తమ్ముడి దగ్గరికి వెళ్లి పేరు అడిగి పలకరించండి. పొద్దుటి నుంచి కర్రలు పాతి, వైర్లు లాగి అలసిపోయి ఉంటాడు. "పాస్టర్ గారికి చెబుతా" అనే మాటతో మొదలుపెట్టినవాళ్లకు ఎవరూ సౌండ్ బాగా పెట్టరు. "తమ్ముడూ, నాకు మాట స్పష్టంగా వినబడితే చాలు, మిగతాది నీ ఇష్టం" అంటే అతనే వెంటబడి సరిచేస్తాడు.

మన సభల్లో మామూలుగా వాడే మైకు ముందు వైపు నుంచి వచ్చేది బాగా వింటుంది, తోక వైపు నుంచి వచ్చేది చాలా తక్కువ వింటుంది. కాబట్టి మీకు వినిపించే మానిటర్ బాక్సు మైకు తోక వైపున, అంటే మీ కాళ్ల ముందు మీ మొహానికి ఎదురుగా ఉండాలి. మైకు తల మీద ఉండే జాలీని గుప్పిట్లో పట్టుకోకండి. సినిమా పాటల ప్రోగ్రాంలలో చూసి పిల్లలు అలా పట్టుకుంటున్నారు. జాలీ మూసేస్తే మైకు అన్ని వైపుల నుంచీ వినడం మొదలుపెట్టి కూతపెడుతుంది. పెద్ద బాక్సుల ముందుకు నడిచినా అంతే. పెదాలకు రెండు వేళ్ల దూరంలో పట్టుకోండి, పై స్వరాలకు ఇంకాస్త దూరం జరపండి. 'ప', 'భ' లాంటి అక్షరాలు బాక్సులో ధడ్‌మని కొడితే మైకును కొంచెం పక్కకు వాల్చండి. మైకు తగిలినప్పుడు పెదాలు చుర్రుమంటే వెంటనే వదిలేయండి. జనరేటర్, ఎర్తింగ్ చూసి సరిచేసేదాకా దాన్ని ముట్టుకోవద్దు. మంచు కురిసిన గడ్డి మీద వైర్లున్న చోట ఇది నిజంగా ప్రమాదం.

ఎకో తగ్గించమనండి. స్టేజీ మీద మీ చెవికి ఎకో ఎంత కమ్మగా ఉన్నా, ఆఖరి వరుసలో మాట మీద మాట పడి పాట ముద్దయిపోతుంది. దూరంగా హారన్ స్పీకర్లు కట్టినప్పుడు మరీనూ.

ఇప్పుడు అసలు పని. మీతో వచ్చినవాళ్లలో ఒకరిని మైకులో పాడమని, మీరు ఆఖరి కుర్చీల దాకా నడవండి. అక్కడి నుంచి చాయ్ బండి దాకా, ఆ పక్క సందు మూల దాకా వెళ్లండి. మాట తెలుస్తోందా? కీబోర్డు గొంతును మింగేస్తోందా? నేను ఏ ఊరెళ్లినా ఈ నడక మానను. ఒకసారి కోరుట్ల వైపు ఒక వాడలో ఇలాగే నడుస్తుంటే ఒకామె గడప మీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఒడిలో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, వేలికి దారం. మా పిల్ల మైకులో పల్లవి పాడుతుంటే ఆమె చేతులు ఆగలేదు, పెదాలు మాత్రం కదిలాయి. చరణం రాగానే పెదాలు ఆగిపోయాయి. మాట వినబడటం లేదని అర్థమైంది. తబలా, కీబోర్డు తగ్గించమని తమ్ముడికి సైగ చేశాను. రెండో చరణానికి ఆమె తల ఎత్తి హారన్ వైపు చూసింది. దారం చుట్టే వేలు ఒక్క క్షణం అలాగే నిలిచిపోయింది. సౌండ్ సరిపోయిందని నాకు అంతకన్నా గుర్తు అక్కర్లేదు.

చప్పట్ల సంగతి కూడా ఇప్పుడే తెలుసుకోండి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మధ్యలో వేరే బాక్సులు లేకపోతే, 50 మీటర్ల దూరంలో కూర్చున్న మనిషికి మీ పాట సెకనులో ఏడో వంతు ఆలస్యంగా చేరుతుంది. అతను దాన్ని విని చప్పట్లు కొడితే ఆ చప్పుడు మీ దగ్గరికి రావడానికి ఇంకో ఏడో వంతు. నిమిషానికి 100 దెబ్బల వేగంతో నడిచే పాటలో ఇది దాదాపు సగం దెబ్బ తేడా. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు వాళ్లకు వినిపించినదానికి సరిగ్గానే కొడుతున్నారు. వెనక చప్పట్లను పట్టుకుని పాడబోతే మీరు క్రమంగా జారిపోతారు. మానిటర్‌లో తబలా గానీ రిథమ్ ప్యాడ్ గానీ గట్టిగా పెట్టించుకుని దాన్నే పట్టుకోండి.

రాతి కట్టడాల్లో పాడే అవకాశం వస్తే ఇది ఇంకో రకంగా ఉంటుంది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేసిన మెదక్ కథీడ్రల్ లాంటి ఎత్తైన చోట స్వరం గాలిలో చాలాసేపు నిలుస్తుంది. అక్కడ వేగం తగ్గించాలి, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య జాగా ఇవ్వాలి.

స్టేజీ మీద

"వందనాలు" చెప్పి నేరుగా పాటలోకి వెళ్లండి. మీ సాక్ష్యం చెప్పాలనిపిస్తే రెండు నిమిషాల్లో ముగించండి, వాక్యం చెప్పడానికి వేరే దైవజనులు వచ్చారు. మొదలుపెట్టే ముందు పాటలో మాటలు ఎక్కువగా ఉన్న చరణాన్ని మనసులో ఒకసారి పాడుకోండి. ఆ వేగానికే పల్లవి ఎత్తుకోండి. పల్లవి ఉత్సాహంగా ఉందని పరుగెత్తితే చరణంలో మాటలు తొక్కేస్తాం.

కొత్త పాటైతే పల్లవి ఒకసారి మామూలు మాటల్లో చెప్పండి, ఒకసారి పాడి వినిపించండి, మూడోసారి వాళ్లకు వదిలేయండి. వదిలేయడం అంటే నిజంగా వదిలేయాలి. పల్లవి చివరి మాట దగ్గర మైకు పక్కకు తీయండి. మొదటిసారి ముందు వరుస పిల్లలే అందుకుంటారు. కంగారుపడి మీరే పూరించకండి. రెండోసారికి ఆడవాళ్లు, ఆ తర్వాత మగవాళ్లు వస్తారు. మగవాళ్లు ఎప్పుడూ ఆఖరునే. జనం గొంతు ఒక్కసారి పైకి లేచాక దాని మీద మీ సంగతులు, గమకాలు చూపించుకోవద్దు. అది వాళ్ల పాట, మీరు తాళం కాస్తే చాలు.

కరెంటు పోతే ఆపకండి. డప్పో తాళాలో ఉన్నవాళ్లను ముందుకు పిలిచి, తెలిసిన కీర్తన పల్లవి పట్టుకుని జనరేటర్ వచ్చేదాకా నడిపించండి.

మిగతా రోజుల్లో: ఇతరుల ప్రోగ్రాంలకు వెళ్లండి

ఈ అడుగును చాలామంది దాటేస్తారు. పైన చెప్పిన పల్లవి వదిలేసే పద్ధతి నేను నేర్చుకున్నది, డోలు, తాళాలతో మల్లన్న కథలు చెప్పే ఒగ్గు కథ చూసి. కథకుడు వరుస చివర మాటను వంత పాడేవాళ్లకు వదిలేస్తాడు, వంత దాన్ని అందుకుని సాగదీసేలోపు కథకుడు ఊపిరి తీసుకుని, జనం మొహాలు చూసి, తర్వాతి ముక్క ఎటు తిప్పాలో తేల్చుకుంటాడు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య గారు ఈ కళను దేశమంతా వినిపించారు. అదే జిల్లా గడ్డం సమ్మయ్య గారికి చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ వచ్చింది. మైకులు లేని రోజుల నుంచి ఊరి నడుమ రాత్రంతా ఆడిన కళ అది. అచ్చు అక్షరాన్ని నోరారా తెరిచి పలికి మాటను దూరం ఎలా పంపాలో వాళ్ల దగ్గర వినాలి. నటరాజ రామకృష్ణ గారు మళ్లీ ప్రాణం పోసిన పేరిణి నృత్యం ఎక్కడైనా ఆడితే తప్పకుండా చూడండి, మృదంగం ఎక్కడ ఆగితే జనం ఊపిరి బిగబడుతుందో గమనించండి. ఇలాంటి ప్రోగ్రాంలు చూడటానికి హన్మకొండలో 2024లో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం ఉంది. ఓరుగల్లు కోటలో, వేయి స్తంభాల గుడి దగ్గర బతుకమ్మ రోజుల్లో గుంపు పాట ఎలా నడుస్తుందో చూడొచ్చు. కాజీపేట ఫాతిమానగర్‌లో క్రిస్మస్ రాత్రి గాయకబృందం పాట వినడం నాకు ఏటా పండుగే.

మల్లన్న కథ వినొచ్చా, సినిమా సంగీత రాత్రికి వెళ్లొచ్చా అని మన సంఘాల్లో కొందరు అడుగుతారు. నేను వెళ్తాను. కళాకారుడి పనితనం చూసి సంతోషించినంత మాత్రాన నా విశ్వాసం కదలదు. మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే వెళ్లొద్దు, మీ పెద్దలతో గౌరవంగా మాట్లాడుకోండి. వెళ్లినవాళ్లను మాత్రం తప్పుపట్టకండి.

వెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డు చేయకండి, చేస్తే వినడం ఆగిపోతుంది. మొదటి సగం ముందు కూర్చుని కళాకారుడి చేతులు, ఊపిరి చూడండి. రెండో సగం వెనక్కి వెళ్లి నిలబడండి, అక్కడి జనాన్ని చూడండి. పిల్లలు ఎప్పుడు ఏడ్చారు, మగవాళ్లు ఎప్పుడు లేచి బయటికి పోయారు, ఎవరి మాటకు తిరిగొచ్చారు? ఇంటికొచ్చాక రెండు ముక్కలు రాసుకోండి. మధ్యలో మిర్చి బజ్జీ తినండి, నవ్వొస్తే గట్టిగా నవ్వండి, నచ్చితే చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టండి. పాటగాళ్లం ఇతరుల పాటను లెక్కలు వేసుకుంటూ వినే అలవాటులో పడితే ఆనందం పోతుంది. ఆనందం తెలియని గొంతులో శుభవార్త పలకదు.

పాట అయ్యాక

వీడియో యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే రాసినవాళ్లను, స్వరపరిచినవాళ్లను ముందు అడగండి, వాళ్ల పేర్లు రాయండి. ఆరాధనలో పాట పాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం మినహాయింపు ఇస్తుంది. రికార్డు చేసి నెట్‌లో పెట్టడానికి ఆ మినహాయింపు సరిపోదు.

మీకు కానుక ఇవ్వాలా వద్దా, ఎంత అన్నది సంఘం స్తోమతను బట్టి వాళ్ల ఇష్టానికి వదిలేయండి. చిన్న సంఘమైతే దారి ఖర్చులతో సరిపెట్టుకోండి. కానీ కీబోర్డు, తబలా వాయించినవాళ్ల సంగతి వేరు, వాళ్లలో చాలామందికి అదే బతుకుదెరువు. వాళ్లకు ఇచ్చేది ఎంతో ఫోన్‌లోనే అయ్యగారితో మాట్లాడి పెట్టుకోండి. ఆ రాత్రే, బండి ఎక్కే ముందే చేతిలో పెట్టించండి. మీతో కోరస్ పాడటానికి వచ్చిన ఆడపిల్లలను సెంటర్‌లో దించేసి వెళ్లకండి. ఒక్కొక్కరిని ఇంటి గుమ్మం దాకా దించి, వాళ్ల అమ్మకో నాన్నకో కనబడి చెప్పి బయల్దేరండి. అలా చేస్తేనే వచ్చే సభకు వాళ్లను మళ్లీ మీతో పంపుతారు.